చుక్క వెనక దాక్కున్న హారం

ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలో ఒక రైతు పాసుపుస్తకంలో పొలం విస్తీర్ణం 2.20 అని ఉందనుకుందాం. రాష్ట్ర సరిహద్దు దాటి నందిగామ వైపు వెళితే, అక్కడి రైతు దస్తావేజులోనూ 2.20 అనే ఉంది. అంకెలు అవే, చుక్క అదే. పొలాలు మాత్రం సమానం కావు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు కాబట్టి మొదటిది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే నికరంగా రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి రెండోది రెండెకరాల ఇరవై సెంట్లు, రెండుంబావుకు ఐదు సెంట్లు తక్కువ. ఎకరమంటే 4,840 చదరపు గజాలు. ఆ లెక్కన ఒకటి 12,100 గజాలు, రెండోది 10,648 గజాలు. తేడా 1,452 గజాలు. రోడ్లకి వదలకుండా కొలిస్తే రెండు వందల గజాల ప్లాట్లు ఏడు, పైన ఇంకాస్త కొసరు.

ఇందులో ఎవరి పొరపాటూ లేదు. చుక్కకి ఎడమవైపు ఉన్నవి పూర్తి ఎకరాలు, కుడివైపు ఉన్నవి ముక్కలు అన్నంతవరకే చుక్క చెబుతుంది. ఒక్కో ముక్క ఎంత పెద్దదో చెప్పదు. ఎకరాన్ని ఎన్ని ముక్కలు చేశారన్న సంగతి, అంటే భిన్నంలో గీత కింద ఉండే హారం, కాగితం మీద లేదు. అది ఆ ఊరి వాడుకలో ఉంది. తెలంగాణ లెక్కలో 2.39 తర్వాత 3.00 వస్తుంది. ఆంధ్ర లెక్కలో 2.40 వస్తుంది.

క్రికెట్‌లోనూ ఇదే తంతు. స్కోరుబోర్డు మీద 19.4 ఓవర్లని ఉంటే ఇరవయ్యో ఓవర్లో నాలుగు బంతులు పడ్డాయని అర్థం. ఇక్కడ హారం 6. ఆ 19.4 ఓవర్లలో ఒక జట్టు 177 పరుగులు చేసిందనుకోండి. క్యాలిక్యులేటర్ తీసి 177ని 19.4తో భాగిస్తే రన్‌రేటు 9.12 అని చూపిస్తుంది. అది తప్పు. పడినవి 118 బంతులు. బంతికి ఒకటిన్నర పరుగు, ఓవరుకి సరిగ్గా 9. ఎత్తుల సంగతీ అంతే. 5.11 అడుగుల మనిషి 5.9 అడుగుల మనిషి కన్నా పొడుగు, ఎందుకంటే అడుగుకి 12 అంగుళాలు. లెక్కల పుస్తకంలోకి వెళితే మాత్రం 5.9 పెద్దది, 5.11 చిన్నది.

లెక్కల పుస్తకంలోని చుక్కకి ఊరూరికీ మారే వాడుక లేదు. చుక్క పక్కన మొదటి స్థానానికి హారం 10, రెండో దానికి 100, మూడో దానికి 1,000. కుడివైపుకి ఒక్కో అడుగు వేసేకొద్దీ ముక్క పదోవంతుకి తగ్గుతుంది. ఈ ఒప్పందం అందరికీ తెలుసు కాబట్టే హారాన్ని రాయకుండా వదిలేస్తాం. దశాంశాన్ని భిన్నంగా మార్చమని పరీక్షలో అడుగుతారు గానీ, నిజానికి అక్కడ మార్చేదేమీ లేదు. 0.7 ముందునుంచీ భిన్నమే. వదిలేసిన హారాన్ని మళ్లీ రాయడమే మన పని.

కాస్త పొడవైన సంఖ్య తీసుకుని దగ్గర నుంచి చూద్దాం: 0.0625. చుక్క పక్కనే సున్నా, అంటే పదోవంతులు లేవు. తర్వాత 6, అవి వందోవంతులు. ఆ తర్వాత వెయ్యోవంతులు 2, పదివేలోవంతులు 5. చేతిలో మూడు సైజుల ముక్కలున్నాయన్నమాట. వీటిని కలిపి ఒక్క మాటలో చెప్పాలంటే అన్నిటినీ ఒకే సైజుకి తేవాలి. పెద్ద ముక్కని చిన్న ముక్కలుగా కోయడం తేలిక కాబట్టి అందరికన్నా చిన్నదైన పదివేలోవంతునే ప్రమాణంగా పెట్టుకుందాం. ఒక వందోవంతులో పదివేలోవంతులు 100 ఉంటాయి, కాబట్టి ఆరింటికి 600. ఒక వెయ్యోవంతులో 10, కాబట్టి రెండింటికి 20. చివర ఉన్న 5 ఎలాగూ పదివేలోవంతులే. మొత్తం 625. అంటే 625/10000.

600, 20, 5 కలిపితే 625 వచ్చింది. ఇవి మొదటినుంచీ మన కళ్ల ముందున్న అంకెలే, అదే వరసలో. చుక్కకి ఎడమవైపు వందలు, పదులు, ఒకట్లు ఏ నియమంతో నడుస్తాయో కుడివైపూ అదే నియమం నడుస్తుంది కాబట్టే ఇలా జరిగింది. అందువల్ల ప్రతిసారీ ముక్కలు కోయనక్కర్లేదు. చివరి అంకె ఏ స్థానంలో కూర్చుందో చూస్తే చాలు, హారం దొరికినట్టే. చుక్క తీసేస్తే మిగిలేది లవం. ‘చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటే ఒకటి పక్కన అన్ని సున్నాలు’ అని బడిలో వల్లె వేయించే సూత్రం ఇదే. సూత్రానికేం, బంగారం లాంటిది. కారణం తెలియకుండా పట్టుకున్నవాళ్లే 0.375 అనేది 0.4 కన్నా పెద్దదని వాదిస్తారు, మూడు అంకెలున్నాయి కదా అని. వెయ్యోవంతుల్లోకి కోసి చూస్తే ఒకటి 375, రెండోది 400. ఇక 0.5కీ 0.05కీ మధ్య ఉన్న సున్నా విలువ ఏమిటో పొలం కొన్నవాణ్ణి అడగాలి. ఆంధ్రలో రెండెకరాల ఐదు సెంట్లని 2.05 అని రాయాలి. ఆ సున్నా ఎగిరిపోయి 2.5 అయిందంటే నలభై ఐదు సెంట్లు గాల్లోంచి పుట్టుకొస్తాయి.

625/10000ని ఇంకా చిన్నది చేయొచ్చు. మామూలు భిన్నాన్ని కుదించాలంటే 2, 3, 5, 7 అంటూ ఒక్కో భాజకాన్నీ ప్రయత్నించి చూడాలి. దశాంశం నుంచి వచ్చిన భిన్నంతో ఆ బాధ లేదు. హారం 10, 100, 1000 లాంటిదే అయివుంటుంది. పదిలో ఉన్నవి 2, 5 మాత్రమే. కాబట్టి లవం సరిసంఖ్య అయితే 2, చివర 5 ఉంటే 5. ఇంకే సంఖ్యతోనూ పని లేదు. 625ని ఐదుతో వరసగా నాలుగుసార్లు భాగించొచ్చు: 125, 25, 5, 1. అదే సమయంలో 10000 కాస్తా 2000, 400, 80, 16 అవుతుంది. మిగిలింది 1/16.

పదహారోవంతు! పాతకాలం వాళ్లకి ఇది అణా. రూపాయికి పదహారు అణాలు, అణాకి పన్నెండు దమ్మిడీలు. 1957 ఏప్రిల్ 1న మన దేశం రూపాయిని వంద నయాపైసలుగా విడగొట్టింది. పాత నాణేలు, కొత్త నాణేలు కొన్నేళ్లపాటు పక్కపక్కనే చలామణీ అయ్యాయి. అర్ధరూపాయికి 50, పావలాకి 25, అంతవరకు సుఖమే. రెండణాల బేడ దగ్గరికి వచ్చేసరికి 12.5, అణా దగ్గర 6.25. అర నయాపైస, పావు నయాపైస నాణేలు లేవు. అందుకని సర్కారు మార్పిడి పట్టికలో అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 నయాపైసలని లెక్క కట్టారు. ఒకేసారి నాలుగణాల సరుకు కొంటే 25 ఇవ్వాలి. అదే సరుకు అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24తో సరిపోతుంది. లెక్క తెలిసిన ఇల్లాలికి ఇది చిన్న విషయమేమీ కాదు.

అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అన్నవి సగం, సగంలో సగం అంటూ దిగే మెట్లు. వీటి దశాంశ రూపాలు వరసగా పెట్టి చూడండి: 0.5, 0.25, 0.125, 0.0625. చుక్కా సున్నాలూ పక్కనపెడితే 5, 25, 125, 625. సగం చేస్తూ పోతుంటే అంకెల్లోని సంఖ్య ఐదు రెట్లు పెరుగుతూ పోతోంది. పదిలో సగం ఐదు కాబట్టి, సగం చేయడమంటే ఐదుతో హెచ్చించి ఒక స్థానం కుడికి జరపడమే. ఈ కిటుకు తెలిస్తే 1/32 ఎంతో కాగితం లేకుండానే చెప్పొచ్చు. 625కి ఐదు రెట్లు 3125, స్థానం ఐదోది, 0.03125.

స్థానాన్ని బట్టి హారం అన్న ఆలోచనకి పదే కావాలని రూలు లేదు. తెలుగువాళ్ల పాత లెక్కల్లో భిన్నాలకి విడిగా అంకెలుండేవి, వాటి ఆధారం నాలుగు. మొదటి స్థానం పావులు, రెండోది పదహారోవంతులు, మూడోది అరవై నాలుగోవంతులు. ఆధారం నాలుగైతే 4 అనే అంకె అక్కర్లేదు కాబట్టి ఒకటి, రెండు, మూడు గీతలు చాలు, ఖాళీ స్థానానికి ఒక గుర్తు. పావుల స్థానంలో గీతలు నిలువుగా, పదహారోవంతుల స్థానంలో అడ్డంగా, అరవై నాలుగోవంతుల స్థానంలో మళ్లీ నిలువుగా గీసేవాళ్లు. పక్కపక్కనే ఉన్న రెండు స్థానాల గీతలు కలిసిపోకుండా ఇది మంచి ఏర్పాటు. 2008లో ఈ గుర్తులు యూనికోడ్‌లో చేరాయి, ధాన్యం కొలత తూము గుర్తుతో సహా. మీ ఫోన్‌లోని ఫాంటు సహకరిస్తే ౻౼ అని ఇక్కడ కనిపించాలి. మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత: మూడు పావులు, ఒక పదహారోవంతు.

దీన్ని మామూలు భిన్నంగా రాయడానికి కొత్త పద్ధతేమీ వద్దు. చివరి స్థానం పదహారోవంతులది, కాబట్టి హారం 16. ఒక పావులో పదహారోవంతులు నాలుగు, మూడు పావులకి 12, దానికి ఒకటి కలిపితే 13. జవాబు 13/16. డబ్బులో చెప్పాలంటే ముప్పావలా మీద అణా, పదమూడణాలు. నాలుగు ఎందుకు ఎంచుకున్నారో కొలతలు చూస్తే తెలుస్తుంది. రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ధాన్యం కొలిచే గిన్నెలన్నీ రెట్టింపులే. అలాంటి లోకంలో నాలుగు ఆధారంగా రాస్తే ప్రతి కొలతా మూడు స్థానాల్లోపే తెగిపోతుంది. పది ఆధారంగా రాస్తే 0.0625లు, 0.8125లు మోయాల్సి వచ్చేది. పదమూడణాలు అని నోటితో అనగలిగినవాడికి 0.8125తో ఏం పని?

ఆశ్చర్యమేమంటే, పూర్ణసంఖ్యలకి పది ఆధారంగా స్థానవిలువ పద్ధతిని ప్రపంచానికిచ్చిన మన దేశంలో పాత గణితవేత్తలు ఒకటి కన్నా చిన్నవాటిని లవం, హారం పెట్టే రాశారు. ఆర్యభటుడు 499లో వృత్త పరిధి గురించి చెబుతూ, 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి పరిధి సుమారు 62,832 అన్నాడు. అంత పెద్ద వ్యాసం తీసుకోవడం వెనక పట్టుదల ఉంది. వ్యాసం పెద్దదయ్యేకొద్దీ భిన్నం జోలికి పోకుండానే సూక్ష్మత సాధించవచ్చు. రెండింటినీ సగం చేయండి: 31416/10000. మనం ఈరోజు 3.1416 అని రాసేది అక్షరాలా ఇదే. దీన్ని ఇందాకటి పద్ధతిలో కుదిద్దాం. లవం సరిసంఖ్య, మూడుసార్లు రెండుతో పోతుంది: 15708/5000, 7854/2500, 3927/1250. ఇక పైన 2 పోదు, 5 పోదు. ఆగిపోయాం. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు లీలావతిలో సూక్ష్మమైన పరిధి కోసం ఇచ్చిన భిన్నం సరిగ్గా 3927/1250. స్థూలంగా చాలనుకునేవాళ్లకి 22/7 ఇచ్చాడు.

చుక్కకి కుడివైపూ అదే స్థానవిలువని పొడిగించవచ్చన్న ఊహ డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసీ 952 ప్రాంతంలో రాసిన అంకగణితంలో కనిపిస్తుంది. సమర్‌ఖండ్‌లో అల్ కాషీ 1427 నాటికి దశాంశ భిన్నాలతో ధారాళంగా లెక్కలు చేశాడు. యూరప్‌లో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది సైమన్ స్టెవిన్ 1585లో డచ్ భాషలో అచ్చువేసిన ఒక చిన్న పుస్తకం. దాన్ని ఆయన ఖగోళ పరిశీలకులకీ, భూమి కొలిచేవాళ్లకీ, నాణేల ముద్రణశాల అధికారులకీ, వర్తకులకీ అంకితమిచ్చాడు, పండితులకి కాదు. ఆయన రాత మనకి కొంచెం వింతగా ఉంటుంది. 3.1416ని ఆయన 3⓪1①4②1③6④ అన్న తీరులో రాస్తాడు. ప్రతి అంకె పక్కనా దాని స్థానం ఎన్నోదో సున్నా చుట్టి చెప్పేస్తాడు. చివరి గుండ్రంలో 4 ఉంది కాబట్టి హారం ఒకటి పక్కన నాలుగు సున్నాలు. హారం దాక్కోవడానికి వీల్లేదు. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా, చిన్నపిల్లలకి మొదటి రెండు వారాలు ఈ రాతే నేర్పితే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. పదిహేడో శతాబ్దం మొదట్లో జాన్ నేపియర్ లాంటివాళ్లు ఆ గుండ్రాలన్నీ తీసేసి ఒక్క చుక్కతో సరిపెట్టారు. రాత తేలికైంది, హారం కనుమరుగైంది.

భాస్కరుడి రెండో భిన్నం 22/7 వేరే జాతిది. దాన్ని భాగించుకుంటూ పోతే 3.142857142857 అంటూ ఆ ఆరంకెలే తిరుగుతుంటాయి, అంతమన్నది లేదు. ఏడుని ఎన్నితో హెచ్చించినా 10, 100, 1000లలో ఏదీ రాదు, వాటిలో ఉన్నవి రెళ్లు, అయిదులే కాబట్టి. ఇలాంటి దశాంశానికి చివరి అంకె లేదు. చివరి అంకె లేకపోతే దాని స్థానమూ లేదు, హారం ఎక్కడి నుంచి తెస్తాం?

ఈ చిక్కు నగల దుకాణంలో ఎదురవుతుంది. 22 క్యారెట్ల బంగారం మీద 916 అని హాల్‌మార్క్ ఉంటుంది. వెయ్యి భాగాల్లో 916 భాగాలు మేలిమి అని దానర్థం. స్థానవిలువ ప్రకారం 0.916 అంటే 916/1000, కుదిస్తే 229/250. మరి 22 క్యారెట్లంటే 24లో 22 వంతులు, అంటే 11/12. ఈ రెండూ ఒకటి కావు. 11/12ని దశాంశంగా రాస్తే 0.91666 అంటూ ఆరు ఆగకుండా వస్తుంది. 916 అన్నది దాన్ని మూడో స్థానంలో కత్తిరించిన ముక్క. తేడా కిలోకి మూడింట రెండొంతుల గ్రాము. 18 క్యారెట్లకి ఈ గొడవ లేదు. 18/24 అంటే ముప్పావు, ముద్ర 750, లెక్క కచ్చితం. 14 క్యారెట్ల దగ్గర అసలు విలువ 0.58333..., ముద్ర మాత్రం 585. అక్కడ కత్తిరించడం కాదు, కాస్త పైకి జరిపారు, కొనేవాడికే లాభం.

ఆగని 0.91666... నుంచి 11/12ని వెనక్కి రాబట్టడానికి ఒక ఉపాయం ఉంది. తోక అంతులేనిదే అయినా, రెండు తోకలు ఒకేలా ఉంటే ఒకదాన్లోంచి ఒకటి తీసేయొచ్చు. మన సంఖ్యకి వెయ్యి రెట్లు 916.666..., వంద రెట్లు 91.666.... తీసివేయండి. చుక్క తర్వాతవన్నీ ఒకదానికొకటి సరిగ్గా కొట్టుకుపోతాయి. మిగిలేది 825. వెయ్యి రెట్లలోంచి వంద రెట్లు తీశాం కాబట్టి ఇది 900 రెట్లకి సమానం. సంఖ్య 825/900. రెండింటినీ 75తో భాగిస్తే 11/12. తిరిగే అంకెలున్న దశాంశాల హారంలో 9, 90, 900, 99 లాంటివి కనబడటానికి కారణం ఈ తీసివేతే. 0.333... అయితే పది రెట్లలోంచి ఒక రెట్టు తీస్తాం, 3/9 వస్తుంది. అదే వరసలో 0.999... చేసి చూడండి, 9/9 వస్తుంది. అంటే ఒకటి. ఒకటికి దగ్గరగా ఉన్నది కాదు, ఒకటే. దీన్ని ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు, తగవు పడతారు. 0.333... అనేది 1/3 అని ఒప్పుకున్నవాళ్లు మూడుతో హెచ్చిస్తే చాలు, తగవు అక్కడికక్కడే తీరిపోతుంది.

ఆధారం మారితే ఆగే భిన్నాలూ మారతాయి. తెలుగు గీతల పద్ధతిలో ఐదోవంతు, పదోవంతు ఎప్పటికీ తెగవు, నాలుగులో ఐదు లేదు కాబట్టి. కంప్యూటర్‌ది రెండు ఆధారం, దానికీ అదే ఇబ్బంది. మనకి చిటికెలో అయిపోయే 0.1 కంప్యూటర్ లోపల 0.000110011001100... అని 0011 తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఈ కత్తిరింపు ప్రాణాలు తీసింది. అక్కడి అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని పదోవంతు సెకన్లలో లెక్కబెట్టి, దాన్ని 24 బిట్లలో కత్తిరించిన 0.1తో హెచ్చించేది. ఒక్కోసారి పోయేది సెకనులో కోటోవంతు లోపే. వ్యవస్థ వంద గంటలు ఆగకుండా నడవడంతో 36 లక్షల పదోవంతులు పోగుపడ్డాయి. గడియారం 0.34 సెకను తేడా చూపింది. అంత సేపట్లో శత్రువు వదిలిన స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకి పైగా ప్రయాణిస్తుంది. దాన్ని అడ్డుకోవాల్సిన వ్యవస్థ ఆకాశంలో వేరే చోట వెతికింది. స్కడ్ సైనికుల బసపై పడి 28 మంది చనిపోయారు.

ఇప్పటి కంప్యూటర్లు ఇంకా చాలా స్థానాలు ఉంచుకుంటాయి, కానీ కత్తిరింపు పోలేదు. పైథాన్ భాషలో 0.1 అని టైపు చేసి, లోపల నువ్వు దాచుకున్న అసలు భిన్నం ఏదని అడిగితే దాపరికం లేకుండా చెబుతుంది: 3602879701896397/36028797018963968. ఆ హారం రెండుని 55 సార్లు హెచ్చిస్తే వచ్చేది, అంటే సున్నా కాని చివరి బిట్ కూర్చున్న స్థానం. మన 0.0625కి చేసిన పనే ఇక్కడా జరిగింది. ఇది నిజంగా పదోవంతే అయితే లవానికి పది రెట్లు హారానికి సమానం కావాలి. హెచ్చించి చూస్తే రెండు ఎక్కువ వస్తుంది. 0.1కి 0.2 కలపమంటే అదే యంత్రం 0.30000000000000004 అని జవాబిచ్చేది ఇలాంటి కొసర్ల వల్లే. డబ్బు లెక్కలు రాసే ప్రోగ్రామర్లు అందుకే చాలాచోట్ల రూపాయల జోలికి వెళ్లరు. 499 రూపాయల 50 పైసల బిల్లుని లోపల 49950 అని పూర్ణసంఖ్యగా దాస్తారు, హారం 100 అని ప్రోగ్రాంలో ఒకచోట రాసిపెట్టుకుంటారు. చుక్క తెర మీద చూపించేటప్పుడే వస్తుంది.